స్కూలు సంగీత నాటకానికి పిల్లలే సెట్లు, సామాన్లు, దుస్తులు తయారుచేస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు స్కూళ్లలో వార్షికోత్సవాలు దగ్గరపడగానే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒక్కచోట రాసిపెట్టాం. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. కొలతలు అడుగులు, అంగుళాల్లోనే ఇచ్చాం, వడ్రంగికీ దర్జీకీ చెప్పాల్సింది ఆ లెక్కలోనే కాబట్టి.

## మొదలుపెట్టే ముందు

సంక్రాంతి తర్వాత వార్షికోత్సవం. పని ఎప్పుడు మొదలుపెడితే సరిపోతుంది?

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి వారంలోనే. నవంబరు మొదటికల్లా బొమ్మలు, కొలతలు తేలిపోవాలి. నవంబరు మధ్యకి గుడ్డ దర్జీ చేతిలో పడాలి. డిసెంబరు వస్తే క్రిస్మస్, ఆ వెంటనే సంక్రాంతి. అప్పుడు ముప్ఫై జతలు కుట్టమంటే దర్జీలు ఒప్పుకోరు, ఒప్పుకున్నా చివరిరోజు కాజాలు లేకుండా ఇస్తారు. సంక్రాంతి సెలవుల్లో సగంమంది పిల్లలు ఊళ్లకి వెళ్తారు, ఆ వారాన్ని లెక్కలో వేసుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే రంగు ఆరదు, చెక్క ఉబ్బుతుంది. అందుకని రంగుల పని డిసెంబరుకి ఉంచుకోవడం మేలు. అయితే రాత్రిపూట మంచులో ఫ్లాట్లు (చట్రానికి గుడ్డో ప్లైవుడ్డో బిగించిన సెట్ గోడలు) బయట వదలకూడదు. కార్యక్రమం మాఘమాసం ముహూర్తాల్లో పడితే షామియానా వాళ్ల దగ్గర బల్లలు ముందే మాట్లాడి పెట్టుకోండి.

టెన్త్ పిల్లలకి బాధ్యత అప్పగించవచ్చా?

బొమ్మలు గీసే దశ వరకు తప్పకుండా. పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి డిసెంబరు నుంచి వాళ్లకి టైం ఉండదు. పెత్తనం ఎనిమిది, తొమ్మిది తరగతులకిచ్చి, టెన్త్ వాళ్లని సలహాకి ఉంచండి. పన్నెండు పదిహేనుమంది జట్టు చాలు. అందులో ఒకరి పని నోటుపుస్తకం రాయడం మాత్రమే: ఏ వస్తువు ఎవరు చేస్తున్నారు, ఎంతవరకు వచ్చింది, ఎంత ఖర్చయింది. ఈ పని తేలికని ఎవరికో ఒకరికి అంటగట్టకండి. జట్టులో అందరికన్నా నిదానంగా, జాగ్రత్తగా ఉండే పిల్లకి ఇవ్వండి.

పిల్లలు నిజంగా డిజైన్ చేయగలరా? చివరికి మేమే చేయాల్సి వస్తుందేమో?

చేయగలరు, కాకపోతే పని పాట నుంచి మొదలవ్వాలి. చాలాచోట్ల ఎవరో ఫోన్లో ఒక రాజమహల్ బొమ్మ చూపిస్తారు, పిల్లలు దాన్నే గీస్తారు. తీరా చూస్తే ఆ మహలుకి ఉన్నది ఒక్క ద్వారం, పాటలో డాన్స్ చేసేది ఇరవైనాలుగు మంది.

ముందు ఒక్కో పాట వినిపించి అయిదు సంగతులు రాయించండి. ఈ పాటలో వేదిక మీద ఎంతమంది? వాళ్లు ఎటునుంచి వస్తారు, ఎటు పోతారు? డాన్స్‌కి ఎంత ఖాళీ కావాలి? పొద్దునా, రాత్రా? పాట అయ్యాక తర్వాతి దృశ్యానికి ఎన్ని సెకన్లు? ఈ అయిదూ గోడ మీద అంటించాకే పెన్సిల్ పట్టించాలి. టీచర్లు గీతలు దిద్దకండి. “ఇరవైనాలుగు మంది ఇక్కణ్ణించి ఎలా వస్తారు?” అని అడగండి చాలు. పిల్లలు తమంతట తామే రెండో ద్వారం గీస్తారు, అలా గీసిన ద్వారాన్ని జన్మలో మర్చిపోరు.

డబ్బు తక్కువ. ఎక్కడ తగ్గించుకోవచ్చు?

నగలు, పరదాల మీద, గోడల మీద నగిషీలు తగ్గించండి, వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి అవి కనపడవు. చక్రాలు, బోల్టులు, మెట్లు, మైకు సంచుల దగ్గర మాత్రం తగ్గించకండి. అవి పాడైతే పాటే ఆగిపోతుంది.

## కొలతలు, నమూనా

హాలు చూడ్డానికి వెళ్తున్నాం. ఏమేం కొలుచుకురావాలి?

తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి పెద్ద హాలైనా, స్కూలు గ్రౌండులో షామియానా వేదికైనా కొలవాల్సినవి ఒకటే. తెర తెరిచాక కనిపించే వెడల్పు, ముందు అంచు నుంచి వెనక తెర దాకా లోతు, లైట్ల పైపు ఎత్తు, రెండు పక్కలా వింగుల్లో (వేదిక పక్కన తెరచాటు చోటులో) ఉన్న ఖాళీ. వేదిక వెనకగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పోవడానికి దారి ఉందో లేదో చూడండి. లేకపోతే కుడివైపు వెళ్లిన పిల్ల ఎడమవైపు నుంచి రాలేదు.

ఎక్కువమంది మర్చిపోయేది సామాను లోపలికి వెళ్లే తలుపు. అది ఏడడుగులే ఉంటే ఎనిమిదడుగుల ఫ్లాటుని వాల్చి దూర్చాలి, వరండా మలుపులో తిరగకపోవచ్చు. బండిని కూడా కొలవండి. టాటా ఏస్ పెట్టె సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగులకి కొంచెం తక్కువ వెడల్పు. ఎనిమిదడుగుల ఫ్లాట్లు వెనక అడుగు మేర బయటికి వస్తాయి, డాలా తెరిచి గట్టిగా కట్టాలి.

ఆఖరికి మొదటి వరుసలో రెండు చివరల కుర్చీల్లో కూర్చుని ఫోటో తీయండి. వింగుల్లో నిలబడ్డవాళ్లు కనిపిస్తున్నారా లేదా అక్కణ్ణించే తెలుస్తుంది.

అట్టతో నమూనా చేయడం అవసరమా?

అవసరం. అడుగుకి అర అంగుళం లెక్క పెట్టుకుంటే 30 అడుగుల వేదిక 15 అంగుళాల అట్టపెట్టెలో ఇమిడిపోతుంది. అయిదడుగుల పిల్లాణ్ణి రెండున్నర అంగుళాల అట్టముక్కగా కత్తిరించి లోపల నిలబెట్టండి. కాగితం మీద బాగున్న మెట్లు వాడి నడుము దాకా వస్తున్నాయని అప్పుడే తెలుస్తుంది.

ప్రకాశం బ్యారేజీ వెనక కనపడాలి. గేట్లన్నీ గీయాలా?

బ్యారేజీకి 70 గేట్లు. 30 అడుగుల పరదా మీద అన్నీ గీస్తే ఒక్కోటి అయిదంగుళాలు, దూరానికి కంచెలా కనిపిస్తుంది. తొమ్మిదో పదకొండో చాలు. ఒక పక్క పెద్దవిగా మొదలుపెట్టి రెండో పక్కకి పోనుపోను చిన్నవి చేస్తే చూసేవాళ్ల కన్ను మిగతావి పూరించుకుంటుంది. వెనక ఇంద్రకీలాద్రి గీత వేస్తే ఇది ఏ ఊరో ఎవరికీ చెప్పక్కర్లేదు. నదిలో నీళ్లకి నీలం ముదురుగా వేయకండి, ఎరుపు, నారింజ లైటు పడ్డప్పుడు నల్లబడుతుంది.

## సెట్ కట్టేటప్పుడు

ఫ్లాట్లు ప్లైవుడ్‌తో చేయించాలా, గుడ్డతోనా?

చెయ్యి ఆనించే గోడ, తలుపున్న గోడ ప్లైవుడ్‌తో. మిగతావన్నీ గుడ్డతో. 8 × 4 అడుగుల 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే దాదాపు 11 కిలోలు తూగుతుంది, చట్రం కలిస్తే 17, 18 కిలోలు. గుడ్డ ఫ్లాటు అందులో సగం కూడా ఉండదు, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు హాయిగా మోస్తారు.

చట్రానికి 1 × 2 అంగుళాల రీపర్లు (సన్న చెక్క బద్దలు) వాడి, మధ్యలో ఒక అడ్డకర్ర, ఒక మూలకర్ర పెట్టండి. మూలల్లో 10 అంగుళాల ప్లైవుడ్ త్రికోణాలు జిగురుతో, మరలతో బిగించాలి. వట్టి మేకులు కొడితే మూడో రిహార్సల్‌కి చట్రం కొంకర్లు పోతుంది. నాలుగడుగుల వెడల్పుకి 54 అంగుళాల పన్నా ఉన్న ముతక నూలు గుడ్డ కావాలి, మడతకి పక్కకి మూడేసి అంగుళాలు. ముందుగా తడపకండి. ప్రతి వైపు మధ్యలో మొదలుపెట్టి మూలలకి పోతూ స్టేపుల్ చేయండి, కాస్త వదులుగా ఉంచండి. ఒక పాలు ఫెవికాల్‌లో అయిదు పాళ్లు నీళ్లు కలిపి పూస్తే నూలు ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. ముందే బిగించి కొడితే ఆ ముడుపుకి చట్రం వంగిపోతుంది. పాలిస్టర్ గుడ్డ ఇలా బిగవదు, ఎప్పటికీ జోలెలా వేలాడుతుంది.

ఫ్లాట్ నిలబెట్టగానే ముందుకి పడుతోంది. ఏం చేయాలి?

వెనక త్రికోణపు ఊత కావాలి. ఎనిమిదడుగుల ఫ్లాటుకి అయిదడుగుల ఎత్తు దగ్గర పట్టు, నేల మీద మూడడుగుల కాలు, ఆ కాలి చివర 10 నుంచి 15 కిలోల ఇసుక సంచి. సంచి ఫ్లాటుకి దగ్గరగా పెడితే లాభం లేదు. కాలి చివరే పెట్టాలి. హాలు నేలలో మేకులు కొట్టనివ్వరు కాబట్టి బరువే దిక్కు. తలుపున్న ఫ్లాటుకి బందులున్న పక్క ఇంకో ఊత వేయండి. లేదంటే తలుపు వేసినప్పుడల్లా గోడంతా ఊగుతుంది.

స్ప్రే పెయింట్ కొడితే థర్మాకోల్ కరిగిపోయింది. ఎందుకు?

స్ప్రేలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. చెప్పులకి వాడే పసుపు రబ్బరు జిగురూ అంతే. తెల్ల ఫెవికాల్‌తో అతికించి, నీళ్లు కలిపిన అదే జిగురుతో ఒక పొర న్యూస్‌పేపరు అంటించి, ఆరాక నీళ్లలో కలిసే రంగులు వేయండి. కాగితం పొర వల్ల అంచులు రాలవు, గోటి గీతలు పడవు.

ఏ రంగులు కొనాలి?

పోస్టర్ రంగుల సీసాలతో పెద్ద పరదా వేయలేరు. తెల్ల డిస్టెంపర్ కొని స్టెయినర్లు (అందులో కలిపే చిక్కటి రంగులు) కలుపుకోండి. కిలోకి 100 గ్రాముల ఫెవికాల్ కలపండి, లేకపోతే ఆనుకున్నవాళ్ల దుస్తులకి సున్నంలా అంటుకుంటుంది. రెండు ఫ్లాట్లకి ఒక పూత కిలోతో వస్తుంది. ఎనామిల్ వద్దు. నెమ్మదిగా ఆరుతుంది, వాసన పాడే పిల్లల గొంతు పట్టేస్తుంది, లైటు పడితే మెరుస్తుంది. ఒక గోడకి కావలసిన రంగంతా ఒకేసారి కలుపుకోండి. రెండోసారి అదే ఛాయ రాదు.

అన్నిటికీ ఫ్లెక్స్ కొట్టిస్తే అయిపోదా?

అయిపోతుంది, కానీ అందులో పిల్లల చెయ్యి ఉండదు. పైగా ఎదురు లైట్లకి నిగనిగలాడి వీడియోలో తెల్ల మచ్చలు పడతాయి. పాత ఫ్లెక్సులు రంగులేసేటప్పుడు నేల మీద పరవడానికి బాగా పనికొస్తాయి.

గుడిసె, సంత దృశ్యాలకి గోనె కావాలి. మిర్చి టిక్కీలు (మిర్చి నింపే గోనె సంచులు) ఊరికే ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. గుంటూరు మిర్చి యార్డు సంచుల్లో కారపు ధూళి నేతలోకి దిగిపోయి ఉంటుంది, రెండుసార్లు ఉతికినా పోదు. లైట్ల వేడికి, డాన్స్ అదురుకి పైకి లేస్తే కోరస్ అంతా దగ్గుతుంది. బియ్యం గోనెలు తెచ్చి, దులిపి, ఎండలో వేసి వాడండి. స్తంభాలకి సరుగుడు బాదులు, పందిరికి వెదురు, కట్టడానికి పురికొస చాలు. ఎండు తాటాకు మాత్రం లైట్ల దగ్గరికి రానీయకండి.

ప్లాట్‌ఫాం మీద పదిమంది డాన్స్ చేస్తారు. ఎంత గట్టిగా ఉండాలి?

ఇది పిల్లల చేతిపని కాదు. వడ్రంగి చేత చేయించండి, లేదా షామియానా వాళ్ల ఇనుప స్టాండ్ల బల్లలు అద్దెకి తీసుకోండి. చేయిస్తే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద అడుగున్నరకి ఒక అడ్డకర్ర. 12 మిల్లీమీటర్లదైతే రెండడుగుల ఎడంలో గెంతినప్పుడు కుంగుతుంది. పైన గరుకు కాగితంతో రుద్ది, మేకు తలలు లోపలికి దించి, పలుచని చాప పరచండి. చప్పుడు తగ్గుతుంది, ఉత్తకాళ్లలో పేళ్లు దిగవు. డాన్స్ బల్ల అడుగు ఎత్తు దాటకపోవడం మంచిది. రెండడుగులు దాటితే వెనక కమ్మీ ఉండాల్సిందే. ముందు అంచుకి తెల్ల టేపు వేయండి, చీకట్లో అదే దారి చూపిస్తుంది.

మూడు దృశ్యాలున్నాయి, మధ్యలో పది సెకన్లే. ఎలా మార్చాలి?

మూడు ముఖాల స్తంభాలు చేయండి. ఒక్కో ముఖం 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. అడుగున త్రికోణపు పలక, మూడు మూలలా 3 అంగుళాల రబ్బరు చక్రాలు, లోపల పది కిలోల బరువు. ఒక ముఖం మీద ఊరు, ఒకదాని మీద ఘాట్, ఒకదాని మీద స్టేషన్. 30 అడుగుల వేదికకి అయిదు స్తంభాలు చాలు, మధ్య సందుల్లోంచి పిల్లలు వస్తారు. స్తంభానికొక మనిషి తిప్పితే అయిదారు సెకన్లలో ఊరు మారిపోతుంది. ముఖాల పైఅంచున వెనకవైపు 1, 2, 3 రాయండి. లేకపోతే చీకట్లో ఎవరో ఒకరు తప్పు ముఖం తిప్పుతారు. చవక ప్లాస్టిక్ చక్రాలు చాప అంచు దగ్గర ఇరుక్కుంటాయి.

1885 నుంచి ఆడుతున్న సురభి నాటక సమాజం వాళ్లు రంగుల పరదాలతోనే లోకాలు మార్చేస్తారు. ఆ ప్రదర్శన ఎక్కడైనా దొరికితే డిజైన్ జట్టుని తప్పకుండా తీసుకెళ్లండి.

## చేతిలో పట్టుకునే వస్తువులు

వస్తువులు ప్రతిసారీ పోతున్నాయి. ఎలా ఆపాలి?

రెండు వింగుల్లో రెండు బల్లలు. పైన తెల్లకాగితం పరిచి, ప్రతి వస్తువు చుట్టూ స్కెచ్‌తో గీత గీసి పేరు రాయండి. ఆట మొదలయ్యే ముందు ఖాళీ గీత కనిపిస్తే ఆ వస్తువు లేనట్టే. నటులు తీసుకోవచ్చు, తిరిగి అక్కడే పెట్టాలి. వాడేవాళ్లు కాక ఇంకెవరూ ముట్టుకోకూడదు.

కుండలు, విగ్రహాలు కాగితపు గుజ్జుతో చేస్తే బూజు పట్టింది. ఎందుకని?

మందంగా ఒకేసారి పూయడం వల్ల. రోజుకి రెండు మూడు పొరలే వేసి, పూర్తిగా ఆరాక తర్వాతివి వేయండి. మైదా జిగురు ముసురులో పులుస్తుంది, పురుగు పడుతుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటుంది, అది విషం, పిల్లల చేతికివ్వకండి. మైదా బదులు నీళ్లు కలిపిన ఫెవికాల్ వాడితే సరి. కుండకి అసలు కుండనే అచ్చుగా పెట్టి, ముందు తడి కాగితం ఒక పొర వేసి, ఆరాక రెండుగా కోసి అతికించండి.

కత్తులు, గదలు?

లోహం వద్దు. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, మొన రూపాయి బిళ్ల అంత మొద్దుగా ఉంచండి. గదకి లోపల ప్లాస్టిక్ బంతి, పైన కాగితం.

హారతి, దీపాలు నిజంగా వెలిగించవచ్చా?

వద్దు. ఓణీలు, పరదాలు, చిన్నపిల్లలు ఉన్నచోట నిజం మంట పెట్టకూడదు. మట్టి ప్రమిదలో మినుకుమినుకుమనే బ్యాటరీ దీపం పెట్టి, పైన పసుపు జిలేటిన్ కాగితం చుట్టండి. రెండో వరుసకే తేడా తెలియదు.

పాట మధ్యలో తినే సన్నివేశం ఉంది. ఏం పెట్టాలి?

అరటిపండు చిన్నముక్క. మరమరాలు, బూందీ, పొడి లడ్డు పాడేటప్పుడు గొంతుకి అడ్డంపడతాయి.

## దుస్తులు

కొలతలు ఎప్పుడు, ఏమేం తీసుకోవాలి?

ఛాతీ, నడుము, తుంటి, భుజం, భుజం నుంచి చీలమండ, నడుము నుంచి చీలమండ, తల చుట్టుకొలత. ఒక్కో పిల్లకి ఒక్కో కాగితం. ఛాతీ కొలత గట్టిగా ఊపిరి పీల్చుకోమని చెప్పి తీసుకోవాలి, పాడేటప్పుడు ఉండే ఛాతీ అదే. దానికి రెండంగుళాల వదులు కలపండి. రెండు నెలల్లో పిల్లలు పెరుగుతారు, కింది మడతలో రెండంగుళాలు, పక్క కుట్టులో అంగుళం లోపల వదిలిపెట్టమని దర్జీకి రాసివ్వండి.

గుడ్డ ఎక్కడ చవక?

కోరస్‌కి ఒకే గుడ్డ కాబట్టి తానులుగా కొనండి. విజయవాడలో వన్‌టౌన్ వైపు వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్, గుంటూరులో పట్నంబజారు వైపు తిరగండి. నూలుకి ప్రాధాన్యం ఇవ్వండి: చెమట పీలుస్తుంది, రంగు వేసుకోవచ్చు, లైట్ల కింద మెరవదు. పాత మంగళగిరి చీరలు ఇళ్లలో అడిగితే దొరుకుతాయి, జరీ అంచు విప్పి వేరే గుడ్డకి కుట్టుకోవచ్చు. నగలకి చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ ఒకటి రెండు ముఖ్యపాత్రలకి చాలు, మిగతావాళ్లకి ఫోమ్ షీటు మీద బంగారు రంగు.

పౌరాణిక పాత్రల దుస్తులు అద్దెకి తెచ్చుకోవచ్చా?

తెనాలి, విజయవాడల్లో నాటకాల దుస్తులు అద్దెకిచ్చేవాళ్లున్నారు. అవి పెద్దవాళ్ల కొలతలు. కిరీటం లోపల స్పాంజి పట్టీ పెట్టకపోతే పిల్లల కళ్లమీదికి జారుతుంది. బరువైన కిరీటంతో మెడ బిగుసుకుంటే పైస్థాయి స్వరాలు పలకవు. ఫోమ్ షీటుతో 200 గ్రాముల లోపు మీరే చేసుకోవడం నయం.

వడ్డాణం పెట్టాక పాప పాడలేకపోతోంది. నిజమేనా?

నిజమే. పక్కటెముకలు విచ్చుకోకపోతే ఊపిరి నిండదు, పల్లవి చివర స్వరం తెగుతుంది. వడ్డాణం వెనక నాలుగంగుళాల ఎలాస్టిక్ వేసి, పక్కటెముకల మీద కాకుండా కిందికి, తుంటి మీదికి దించండి. ఏ దుస్తులైనా వేసుకుని పాట మొత్తం పాడి చూశాకే ఖాయం చేయాలి. మూడు వారాల ముందునుంచే పాత లంగా, అట్ట కిరీటంతో రిహార్సల్ చేయించండి.

మైకులో గరగర వస్తోంది. దుస్తుల వల్లేనా?

చాలావరకు. కాలర్ మైకు చుట్టూ జరీ, పూసలు, గట్టి పట్టు ఉండకూడదు. హారం ఊగి తగిలితే టకటకమంటుంది, లోపలినుంచి ఒక కుట్టు వేసి ఆపండి. మైకు ట్రాన్స్‌మిటర్ (సిగ్నల్ పంపే చిన్న పెట్టె) కోసం నడుము వెనక, కాస్త పక్కకి, మూడంగుళాల వెడల్పు, అయిదంగుళాల లోతున్న నూలు సంచి కుట్టి, పైన మూత పెట్టండి. ఏరియల్ మడవకూడదు, లోహపు వడ్డాణానికి తగలకూడదు, సిగ్నల్ తెగుతుంది. పాడే పిల్ల కాళ్లకి గజ్జెలు వద్దు. మైకు తీయకుండానే పై దుస్తులు మారేలా ముందువైపు తెరుచుకునే జాకెట్లు కుట్టించండి.

ఇరవై సెకన్లలో దుస్తులు మార్చాలి. ఎలా?

కుచ్చిళ్లు కుట్టేసిన పంచె, ఎలాస్టిక్ నడుముతో. కింద రెండో జత ముందే వేసుకుని ఉంటే పైది లాగేస్తే చాలు. వెల్క్రో బాగా పట్టుకుంటుంది కానీ తెరిచినప్పుడు చర్రుమంటుంది. నిశ్శబ్ద సన్నివేశం పక్కన అయితే ప్రెస్ బటన్లు కుట్టండి. ఒక్కో పిల్లకి ఇద్దరు సాయం, వాళ్లతో కనీసం పదిసార్లు గడియారం పెట్టి సాధన.

పగలు బాగున్న ఆకుపచ్చ లంగా వేదిక మీద నల్లగా కనిపించింది. ఎందుకు?

ఎర్ర లైటులో ఆకుపచ్చ నల్లబడుతుంది, నీలం లైటులో ఎరుపు, నారింజ నల్లబడతాయి. గుడ్డ కొనేముందే చిన్నముక్క తెచ్చి, చీకటిగదిలో టార్చికి రంగు జిలేటిన్ కాగితం చుట్టి చూడండి. నల్ల పరదా ముందు నల్ల దుస్తులు వేస్తే తల, చేతులే తేలుతూ కనిపిస్తాయి.

## చివరి వారం

పరదాలకి నిప్పు భయం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

హాలోజన్ లైట్లకి మూడడుగుల లోపు ఏ గుడ్డా ఉండకూడదు. నూలు పరదాలకి పెద్దవాళ్లు ఈ ద్రావణం పట్టించవచ్చు: 10 లీటర్ల వేడినీళ్లలో 700 గ్రాముల వెలిగారం, 300 గ్రాముల బోరిక్ యాసిడ్. గ్లవ్స్ వేసుకుని, రంగు వేయకముందే గుడ్డ తడిపి ఆరబెట్టాలి. చిన్నముక్కని బయట కాల్చి చూడండి: అగ్గిపుల్ల తీయగానే మంట ఆరిపోవాలి. ఇది పాలిస్టర్‌కి పనిచేయదు, ఉతికితే పోతుంది. వేదిక పక్కన మంటలార్పే సిలిండరు, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి.

ప్రదర్శన రోజు మా దగ్గర ఏమేం ఉండాలి?

సేఫ్టీ పిన్నులు వంద, దారం ఎక్కించిన సూదులు పది, నల్ల టేపు, పురికొస, ఫెవిక్విక్, స్క్రూడ్రైవరు, అదనపు బోల్టులు, చిన్న టార్చీలు, టాల్కం పౌడరు, దుస్తుల మీద మరకలకి తడిగుడ్డ. ఫెవిక్విక్ పెద్దవాళ్ల దగ్గరే.

## అయిపోయాక

వచ్చే ఏడాదికి ఏవి దాచాలి, ఎలా?

ఫ్లాట్లు, మూడు ముఖాల స్తంభాలు, బల్లలు దాచండి. థర్మాకోల్, కాగితపు వస్తువులు చెదలకి, ఎలుకలకి ఆహారం, వాటిని పిల్లలే ఇళ్లకి తీసుకెళ్తారు. ఫ్లాట్లని నేలకి ఆనించకుండా ఇటుకల మీద నిలువుగా పెట్టండి, వానాకాలంలో చెమ్మ ఎక్కదు. దుస్తులు ఉతికి, పూర్తిగా ఆరాక, ఎండు వేపాకు వేసి, పెట్టె మీద కొలతలు రాయండి. బోల్టులు, రెక్కల నట్లు మూత ఉన్న సీసాల్లో. పిల్లల బొమ్మలు, కొలతల కాగితాలు, నోటుపుస్తకం ఒక ఫైల్లో పెట్టి కొత్త తొమ్మిదో తరగతికి జూన్‌లోనే ఇవ్వండి.